సెలవులకు ఇంటికి వెళ్లలేని విద్యార్థులకు హైదరాబాదులో ఏ కాలంలో ఏమి బాగుంటుంది? (చర్చ)

సిక్కోలు విద్యార్థిని:
నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా కావడం వల్ల రెండు మూడు రోజుల సెలవులకు ఊరికి వెళ్లి రావడం కుదరదు. సంక్రాంతికి రైలు టికెట్లు దొరకవు, దొరికినా సెలవులు ప్రయాణానికే సరిపోతాయి. నాలాగే హాస్టల్‌లో మిగిలిపోయే అమ్మాయిలం నలుగురం ఉన్నాం. సినిమా హాలు, మాల్ తప్ప మాకు మరేమీ తెలియదు, వాటికి నెలాఖరులో డబ్బులు చాలవు. ఖర్చు తక్కువగా ఉండి, రాత్రి గేటు వేసేలోపు తిరిగి రాగలిగేలా ఏ కాలంలో ఏమి చూడవచ్చో, ఏమి చేయవచ్చో ఇక్కడ చదువుకున్నవారు తమ అనుభవంతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నల్లకుంట వాసి:
అమ్మా, మీరు సంక్రాంతి మాట ఎత్తారు కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. ఊళ్లకు వెళ్లేవారంతా వెళ్లిపోయాక ఆ మూడు రోజులూ రోడ్లు ఖాళీగా ఉంటాయి గాని, ధూల్‌పేట, పాతబస్తీ, మా నల్లకుంట వంటి పాత పేటల్లో మిద్దెలు మాత్రం పొద్దున్నుంచే నిండిపోతాయి. పతంగి ఎగరేయడం రాదని వెనకాడవద్దు, ఎందుకంటే ప్రతి మిద్దె మీదా చరఖ్ (దారం చుట్టిన చుట్ట) పట్టుకునే మనిషి కావాలి. ఎగరేసేవారు ఢీల్ ఇస్తున్నప్పుడు, అంటే దారం వదులుతున్నప్పుడు, చరఖ్‌ను అరచేతుల మధ్య తేలికగా తిరగనివ్వాలి, దారం వెనక్కి లాగుతున్నప్పుడు అది కాళ్ల దగ్గర చిక్కుపడకముందే చుట్టేయాలి. ఈ పని ఒడుపుగా చేసేవారిని ఏ మిద్దె మీదికైనా పిలుస్తారు. ఎదుటి పతంగి తెగగానే 'అఫా' అని వాడంతా కేక వేయడం ఒక్కసారి వింటే, ఆ పండుగకు ఇక్కడే ఉండిపోయినందుకు చింత ఉండదు. మీ తరగతిలో స్థానికులైన స్నేహితురాళ్లు తప్పక ఉంటారు, మొహమాటపడకుండా అడగండి. దారం కొనేటప్పుడు మాత్రం నూలుదే కొనండి. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అది పక్షుల రెక్కలనే కాదు, బండి మీద వెళ్లేవారి మెడలనూ కోస్తుంది.

జనవరిలోనే నుమాయిష్ అనే పెద్ద ప్రదర్శన కూడా ఉంటుంది. సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 వరకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల పూనికతో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనగా ప్రారంభమై, 1946లో ఇప్పటి మైదానానికి మారింది. నేను దీనిని విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. దీనిని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలను నడుపుతోంది, ఆ ఆవరణలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. మీరు కొనే ప్రవేశ టికెట్టులో కొంత భాగం మీవంటి అమ్మాయిల చదువుకే చేరుతుందన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా గాంధీభవన్ స్టేషన్‌లో దిగవచ్చు. శని, ఆదివారాలు వద్దు. పనిదినాన గేట్లు తెరిచిన వేళకే వెళితే కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్ కుట్టుపని బట్టలు, చేనేత చీరలు అమ్మేవారు కొనకపోయినా ఓపికగా విప్పి చూపిస్తారు.

ఓరుగల్లు బిడ్డ:
నేను వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ పీజీ చేశాను. మీరు దసరా సెలవులకు ఇక్కడే ఉండేటట్లయితే బతుకమ్మను వదులుకోవద్దు, అందులోనూ చూడటానికి వెళ్లడం కాకుండా పేర్చడానికి వెళ్లండి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగ 2014 నుంచి రాష్ట్ర పండుగ. మా హాస్టల్‌లో ఏటా చందాలు వేసుకుని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారుజామునే వెళ్లేవాళ్లం. బంతి, చామంతి అక్కడ దండిగా దొరుకుతాయి. తంగేడు, గునుగు మాత్రం పల్లెల నుంచి మోపులుగా తెచ్చి రోడ్ల పక్కన అమ్మేవారి దగ్గర కొనాలి.

పేర్చడం చెబుతాను. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరచి, అంచు వెంట తంగేడు పూలను వలయంగా పెట్టి, మధ్యలోని ఖాళీని తుంచిన ఆకులతో, కాడలతో గట్టిగా నింపుతూ రావాలి. గునుగు పూలను సమానంగా కత్తిరించి కట్టలు కట్టి, కొన్నింటిని రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఒక వరుస తెల్లవి, ఒక వరుస రంగువి వచ్చేలా పెడతారు. పైకి పోయే కొద్దీ వలయం చిన్నదవుతుంది. లోపలి నింపుడు వదులుగా ఉంటే, ఎత్తి తలమీద పెట్టుకునే వేళకు బతుకమ్మ ఒక పక్కకు ఒరిగిపోతుంది, అందుకే పెద్దవాళ్లు పూల కంటే ముందు నింపుడునే చూస్తారు. చివరన పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. ఆట రానివారు ఎవరూ ఉండరు. చప్పట్లు కొడుతూ వలయంలో తిరుగుతుంటే పాట దానంతట అదే నోటికి వస్తుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన నా గది స్నేహితురాలు మూడో రోజుకే మా అందరికంటే బాగా పాడింది. సద్దుల నాడు పెరుగన్నం, పులిహోర, సత్తుపిండి పంచుతారు, కాబట్టి మెస్ మూసేసినా ఆ సాయంత్రం భోజనానికి లోటుండదు.

లష్కర్ కుర్రవాడు:
అమ్మవారికి కుండలో నైవేద్యం సమర్పించే బోనాల పండుగ గురించి ఎవరూ రాయలేదు. ఆషాఢంలో గోల్కొండ జగదాంబిక ఆలయంలో మొదలై, తరువాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన లాల్‌దర్వాజా సింహవాహిని ఆలయాల్లో వరుసగా జరుగుతాయి. మా లష్కర్ (సికింద్రాబాద్) బోనాల మరునాడు రంగం ఉంటుంది. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ ఆ ఏటి వానల గురించి, పంటల గురించి చెప్పే భవిష్యవాణిని వినడానికి ఊరంతా కదులుతుంది.

నల్లకుంట వాసి:
బోనాలు తప్పక చూడవలసినవే, కానీ కొత్తగా వచ్చిన అమ్మాయిలను పెద్ద గుళ్ల దగ్గరికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లమని నేను చెప్పలేను. ఊపిరాడని తోపులాట ఉంటుంది. బస్తీల్లోని చిన్న గుళ్లలో అదే పోతరాజు (అమ్మవారి ముందు చిందులేసే వేషధారి), అదే డప్పు, అదే ఘటం (అమ్మవారి అలంకరించిన కలశం) ఊరేగింపు ఉంటాయి. ఇంటి ముందు నిలబడి చూస్తుంటే పిలిచి ప్రసాదం పెడతారు. ఖైరతాబాద్ గణేశుడి విషయమూ అంతే. 1954 నుంచి నిలుపుతున్న ఆ విగ్రహాన్ని చవితి తరువాతి తొలి రోజుల్లో, పనిదినాన ఉదయమే చూసి రావాలి.

వానల్లో నడిచేవాడు:
పండుగలు సరే, ఉత్త వానాకాలం గురించి కూడా చెప్పుకోవాలి. జూలై దాటాక వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలు పచ్చబడతాయి. సికింద్రాబాద్ లేదా లింగంపల్లి నుంచి రైలెక్కి వికారాబాద్‌లో దిగి ఆటోలో వెళ్తే అద్దె కారు అవసరం లేదు. ఉదయం బయలుదేరితే చీకటి పడకముందే తిరిగి రావచ్చు. మన మూసీ పుట్టింది ఆ కొండల్లోనే.

ఆ నది కథను నగరంలోనే చదవదలిస్తే అఫ్జల్‌గంజ్‌కు వెళ్లండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు 150 మందికి పైగా ప్రాణాలు నిలిపిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. చెట్టు చూసి, మరో రోజు గండిపేట (ఉస్మాన్‌సాగర్) కట్ట మీద నిలబడి నిండిన నీటిని చూస్తే పాఠ్యపుస్తకంలో చదివినదాని కంటే ఎక్కువ అర్థమవుతుంది. గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం నీటి దగ్గరికి దిగకూడదు, ఈ విషయంలో ఎవరు ఎంత సరదాగా పిలిచినా ఒప్పుకోకండి.

సిక్కోలు విద్యార్థిని:
ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. బతుకమ్మ పేర్చడానికి మేం నలుగురమూ ఇప్పటినుంచే సిద్ధంగా ఉన్నాం. పరీక్షలయ్యాక వేసవిలో కొన్ని వారాలు, డిసెంబరులో కొన్ని రోజులు కూడా ఇక్కడే ఉండవలసి వస్తుంది. అప్పటికి ఏమైనా చెప్పగలరా? బస్సు ఖర్చు గురించి కూడా తెలిస్తే బాగుంటుంది.

ఓరుగల్లు బిడ్డ:
బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం, కానీ గుర్తింపు కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. మీ ఆధార్ శ్రీకాకుళం చిరునామాతో ఉంటే విద్యార్థి బస్ పాస్ తీసుకోవడం మంచిది.

వేసవి మధ్యాహ్నాలకు సాలార్‌జంగ్ మ్యూజియం కంటే చల్లని చోటు నాకు తెలియదు. శుక్రవారం సెలవు. గంట కొట్టే వేళకు కాస్త ముందుగా సంగీత గడియారం దగ్గర చోటు చూసుకుంటే, బుల్లి బొమ్మ బయటకు వచ్చి గంట మోగించడం కళ్లారా చూడవచ్చు. సాయంత్రాలకు తాటి ముంజలు, బంగినపల్లి మామిడి ఎలాగూ ఉంటాయి. రంజాన్ ప్రతి ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కాబట్టి ఇప్పుడు అది ఎండలు ముదరకముందే పడుతోంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీంను ఇఫ్తార్ వేళకే తిని, గేటు వేసేలోపు వచ్చేయవచ్చు.

పుస్తకాల పురుగు:
డిసెంబరు గురించి నేను చెబుతాను. ఆ నెలలో హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరుగుతుంది. నేను చదువుకునే రోజుల్లో నెల ఖర్చులో కొంత దానికోసమే పక్కన పెట్టేవాడిని. నలుగురు కలిసి వెళ్తే తలా ఒక పుస్తకం కొని, ఏడాదంతా మార్చుకుని చదువుకోవచ్చు. పాత పుస్తకాల దుకాణాల్లో పేర్చిన గుట్టలను ఓపికగా వెతికితే ముద్రణలో లేని తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. చలికాలం ఉదయాలు ఖాళీగా ఉంటే అమీన్‌పూర్ చెరువుకు వెళ్లి వలస పక్షులను చూడండి. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి దూరమే కాబట్టి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్లి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి. బుక్ ఫెయిర్‌కు మాత్రం ఆదివారం సాయంత్రం కాకుండా పనిదినం మధ్యాహ్నమే వెళ్లండి, ఆ వేళలో ప్రచురణకర్తలు, ఒక్కోసారి రచయితలు కూడా తీరికగా కూర్చుని మాట్లాడతారు.