కోళ్ల షెడ్డుల టెంపరేచర్ సెన్సర్: వైరుదా, వైఫైదా?

పాలమూరు_బ్రాయిలర్:
జడ్చర్ల దిక్కు షెడ్డు, 250 అడుగుల పొడుగు. బ్రూడింగుల, అంటే చిన్న పిల్లలకు వేడి పెట్టే రోజులల్ల, ఆరు చోట్ల వేడి ఎంతున్నదో కంప్యూటర్ల పది నిమిషాలకోసారి ఎక్కాలె. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ ఉన్నది. డీఎస్18బీ20 సెన్సర్లు వైరు మీద వెయ్యాల్నా, చోటుకొక ఈఎస్పీ8266 వైఫై బోర్డుకు వేడి, తేమ కొలిచే డీహెచ్‌టీ22 సెన్సర్ తగిలిచ్చి వైఫైల పంపాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మిర్యాల_వైరింగ్:
వైరే, రెండో మాట లేదు. డీఎస్18బీ20 దేనికదే 64 బిట్ల సొంత నంబరుతోటి వస్తది కాబట్టి ఆరింటికీ ఒక్క డేటా తీగ సరిపోతది. డీహెచ్‌టీ22కు నంబరు లేదు, సెన్సర్‌కొక పిన్ను కావాలె. పైగా దాని తేమ కొలిచే పొర ఓపెన్‌గుంటది. లిట్టరు (కోళ్ల కింద పరిచే పొట్టు) దుమ్ము, అమోనియా పట్టి రీడింగు మెల్లగ పక్కకు జరుగుతది.

స్టీలు గొట్టంల మూసి వచ్చే రకం కొను. క్యాట్5ఈ నెట్ కేబుల్‌ల ఒక జతకు డేటా, గ్రౌండు. ఇంకో జతల ఒక తీగకు కరెంటు. మిగిలినవి ఖాళీగ వదిలెయ్యి, గ్రౌండుకు కలిపితే లైను మీద కెపాసిటెన్స్ (కరెంటు పట్టుకునే గుణం) పెరుగుతది. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాక ఒకటే లైను పోవాలె. రాస్ప్‌బెర్రీ పై డబ్బా కాడి నుంచి ఆరు దిక్కులకు ఆరు వైర్లు గుంజితే సిగ్నల్ ఒక్కో కొసకు తగిలి వాపస్ వస్తది, సెన్సర్లు ఒకసారి కనపడ్తయి, ఒకసారి కనపడయి. డేటాకూ 3.3 వోల్టులకూ నడుమ 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటి, పై దగ్గర్నే.

సూర్యాపేట_వైఫై:
250 అడుగుల లైనుకు 4.7? అంత కేబుల్‌ను అది పైకి గుంజుడు ఆలస్యమైతది, సిగ్నల్ లేచేసరికి చదివే టైము దాటిపోతది. 2.2 కిలో వెయ్యాలె.

మిర్యాల_వైరింగ్:
4.7 అని సెన్సర్ కంపెనీ ఇచ్చే డేటాషీట్ల ఉన్నది.

సూర్యాపేట_వైఫై:
ఉన్నది, అయితే అది చిన్న లైనుకు గీసిన బొమ్మ. సెన్సర్ 4 మిల్లీయాంపుల దాక కిందికి గుంజగలదు. 3.3 వోల్టులకు 2.2 కిలో వేస్తే ఒకటిన్నర మిల్లీయాంపే పోతది, భయమేంది? మీరు ఫ్యాను మోటార్ల సంగతి కూడా ఎత్తలే. త్రీ ఫేజ్ స్టార్టరు పడ్డప్పుడల్లా పక్క తీగల నాయిస్, అంటే సిగ్నల్ల గడబిడ, వస్తది. ఆ తీగల నుంచి కేబుల్ దూరంగ పోవాలె, అడ్డం వచ్చిన కాడ నేరుగ దాటాలె. ఇన్ని తిప్పల కంటే వైఫై నయం గాదా?

కల్వకుర్తి_కోడి:
సెన్సర్ ఎంత ఎత్తుల కట్టాలె అన్నా?

మిర్యాల_వైరింగ్:
నాయిస్ వస్తే రీడింగుతోటి వచ్చే సరిచూసే అంకె, సీఆర్‌సీ, పట్టుకుంటది. రాస్ప్‌బెర్రీ పైల డబ్ల్యూ1 డివైసెస్ ఫోల్డర్‌ల 28తోటి మొదలయ్యే పేర్లుంటయి, సెన్సర్‌కొకటి. లోపలి ఫైల్‌ల మొదటి లైను చివర 'యెస్' ఉంటేనే రెండో లైను చదవాలె. అండ్ల టీ=31687 అంటే 31.687 డిగ్రీలు. 'నో' అని వస్తే పారేసి మళ్ల చదువు. పొడుగు లైనును పై పిన్ను మోయకపోతే డీఎస్2482 చిప్పు పెట్టు, అది పైకి ఐస్క్వేర్డ్‌సీ అనే వేరే తీగల మీద కూసోని లైనును గట్టిగ తోస్తది. వైఫై బోర్డుకు ఈ సౌలత్ ఏది? కరెంటు పోతే రూటర్ పోతది, ఆరు చోట్ల ఆరు అడాప్టర్లు పోతయి.

దేవరకొండ_డేటా:
85 డిగ్రీలు చూపిస్తే కోళ్లు ఉడుకుతున్నయని ఉరకకుండ్రి. పవర్ రాంగనే సెన్సర్‌ల ఉండే అంకె అదే, కొలుచుడు పూర్తి కాలేదని అర్థం. 12 బిట్ల పూర్తి కొలతకు 750 మిల్లీసెకండ్లు ఆగాలె. ఆర్డునో బోర్డు వాడేటోళ్లకు దాని లైబ్రరీల మైనస్ 127 వస్తే తీగ ఊడినట్టు.

సూర్యాపేట_వైఫై:
మిర్యాల సార్, మీరు మార్కెట్ల దొరికే నకిలీ డీఎస్18బీ20ల సంగతి కావాలని దాస్తున్నరు. అసలు దానికి పైల కనపడే పేరుల 28 అనే రకం కోడు పక్కనే నాలుగు సున్నాలుంటయి. నకిలీలల్ల ఏవేవో ఉంటయి. కొన్ని నకిలీలు వేరే కరెంటు తీగ లేకుండ రెండు తీగల మీద నడవనే నడవయి. ప్లస్ అర మైనస్ అర డిగ్రీ అనే గ్యారంటీ వాటికెవడిస్తడు?

మిర్యాల_వైరింగ్:
కావాలని దాసుడేంది? మూడు తీగలే వెయ్యమన్న. మీ డీహెచ్‌టీ22కు మాత్రం అర డిగ్రీ గ్యారంటీ ఎవడిస్తడు? బ్రూడింగుల అర డిగ్రీ ఇటో అటో అయితే పిల్లలు చస్తయా? గుంపుగ దగ్గరికి వస్తే చలి, నోర్లు తెరిస్తే వేడి. సెన్సర్ అలారం కోసం. అంతే.

పాలమూరు_బ్రాయిలర్:
నాకు అలారం గాదు సార్. పోయిన బ్యాచ్‌ల మొదటి వారం పిల్లలు పోయినయ్. పిల్లలిచ్చి పెంపకం చార్జీలు కట్టే కంపెనీ సూపర్‌వైజర్ షెడ్డుల వేడి తక్కువున్నదని రాసి పెంపకం చార్జీల కోత పెట్టిండు. నా దగ్గర చూపియ్యనీకె కాయితం లేదు. నాకు కావాల్సింది లెక్క.

సూర్యాపేట_వైఫై:
గిది ముందుగాల చెప్పాలె గదా భయ్యా! అయితే అర డిగ్రీ ముఖ్యమే. 32 ఉండాలన్న కాడ 31 చూపిస్తే కోత నీ మీదనే.

మిర్యాల_వైరింగ్:
సాక్ష్యమే అయితే వైరు, వైఫై ముచ్చట పక్కకు పెట్టు. పై 4ల గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చినాంక నెట్ లేకపోతే పాత టైముతోటి లేస్తది, రాత్రి 2 గంటల రీడింగు నిన్న సాయంత్రం పేరు మీద ఎక్కుతది. అసుంటి లాగ్ ఎవడు నమ్ముతడు? డీఎస్3231 గడియారం, సీఆర్2032 సెల్లుతోటి, మొదటిరోజే తగిలియ్యి. కరెంటు అర్ధాంతరంగ పోతే ఎస్డీ కార్డు కూడా పాడైతది, చిన్న యూపీఎస్ పెట్టు.

సూర్యాపేట_వైఫై:
టైము సరే. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌ల తెరిచి 27ను 32 చేస్తే ఎవలాపుతరు? సూపర్‌వైజర్ అడిగే మొదటి మాట అదే.

దేవరకొండ_డేటా:
దానికి తొవ్వ ఉన్నది. పిల్లలు దించకముందే సూపర్‌వైజర్‌ను పిలిచి, ఆయన ముంగటనే పరీక్ష చెయ్యి. థర్మాస్‌ల నలగ్గొట్టిన మంచు నిండ పొయ్యి, సందులు నిండేంత నీళ్లు పొయ్యి, కలుపు. మంచు ఉత్తగ నీళ్ల తేలుతుంటే సున్నా రాదు. ఆరు గొట్టాలు ఒక్కటే చోట ముంచి, గోడకు తగలకుండ, పది నిమిషాలాగి రాసుకో. ఒకటి 0.4 చూపిస్తే ప్రోగ్రాముల 0.4 తీసెయ్యి. నకిలీ అయినా అసలైనా ఎంత తేడానో అక్కడ బయటపడుతది. మళ్ల ఆయన థర్మామీటరు పక్కన 32 దగ్గర ఒకసారి కలిపి చూసి, ఇద్దరి సంతకాలు తీసుకో. రోజూ రాత్రి 12కు ఆ రోజు ఫైల్ ఆయన మెయిల్‌కు దానంతటదే పోయేటట్టు పెట్టు. మెయిల్ పోయినాంక దిద్దినా లాభం లేదు.

మిర్యాల_వైరింగ్:
సంతకం ఆయన పెడ్తడా?

పాలమూరు_బ్రాయిలర్:
పెట్టనంటే ఎందుకు పెట్టవని అడుగుత. అది కూడా రాసుకుంట.

కల్వకుర్తి_కోడి:
ఎత్తు ఎవలూ చెప్పలే.

దేవరకొండ_డేటా:
పిల్ల వీపు ఎత్తు, లిట్టరు మీద రెండు మూడు అంగుళాలు. బ్రూడరు కిందనే సక్కగ పెట్టకు, వేడి గొట్టానికి తగిలి ఎక్కువ చూపిస్తది. వారాలు గడిచిన కొద్దీ పిల్లతో పాటు పైకి జరుపు. ఇంకొకటి: స్టీలు గొట్టం గాలిల వేడి మార్పును పట్టుకునుడు లేటు, కొన్ని నిమిషాలు పడుతది. పది నిమిషాల రికార్డుకు పర్వాలేదు.

సూర్యాపేట_వైఫై:
ఆరింట్ల రెండు మాత్రం షెడ్డు చివర్ల తడకల కాడ పెట్టు. సూపర్‌వైజర్ థర్మామీటరు పట్టుకోని నిలబడేది అక్కడనే.

మిర్యాల_వైరింగ్:
4.7 తోనే మొదలుపెట్టు. 'నో'లు ఎక్కువైతే అప్పుడు తగ్గియ్యి.