చెయ్యి లేపడానికి పీహెచ్‌డీ కావాలా?

గుంటూరు ఫిజియో: రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక చాలామందికి భుజం పట్టేస్తుంది, కొందరికి చెయ్యి వాస్తుంది. నా పీహెచ్‌డీ దీని మీదే. ఒక గుంపుకు 12 వారాల వ్యాయామం, రెండో గుంపుకు మామూలుగా ఇచ్చే కరపత్రం. ముందూ తర్వాతా చెయ్యి ఎన్ని డిగ్రీలు లేచిందో కొలుస్తాను. దీనివల్ల పేషెంట్లకు ఒరిగేదేంటని మా ఇంట్లోనే అడుగుతున్నారు. మీరేమంటారు?

కోదాడ శ్రీను: ఏమీ ఒరగదు. డాక్టరేట్ మీకు, టేపు కొలతలు వాళ్లకు. మా అమ్మకు 2019లో ఆపరేషన్. డిశ్చార్జి రోజు "బరువులెత్తొద్దమ్మా" అన్నారు. అప్పట్నుంచి ఆ చేత్తో బిందె ముట్టలేదు. ఇప్పుడేమో మీరు డంబెల్స్ ఎత్తమంటారు.

గుంటూరు ఫిజియో: శ్రీను గారూ, అది పాత మాట. అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని తీసుకుని, సగం మందితో వారానికి రెండుసార్లు బరువులెత్తించింది. చేతికి బిగుతు తొడుగు వేసి, బరువు కొద్దికొద్దిగా పెంచుతూ. వాపు పెరగలేదు సరికదా, ముదరడం వాళ్లలోనే తక్కువ. 2009లో అచ్చయింది.

రిటైర్డ్ మాస్టారు: 2009లోనే తేలిపోతే మీరు మళ్లీ తేల్చేదేమిటమ్మా?

మిర్చి యార్డు: పొలం పనికి మించిన వ్యాయామం ఉందా? మా అత్త ఆపరేషనయ్యాక కూడా మిరపకాయలు కోస్తోంది.

గుంటూరు ఫిజియో: మిరప కోసేటప్పుడు చెయ్యి భుజం దాటి లేవదండీ. జడ వేసుకోమనండి, తెలుస్తుంది. మాస్టారూ, అక్కడ జిమ్‌లో తేలింది. బ్రిటన్‌లో 392 మందితో చేసి 2021లో అచ్చేసిన పరిశోధనలోనూ ఫిజియో దగ్గరుండి నేర్పినవాళ్లకు ఏడాది తర్వాత చెయ్యి బాగా పనిచేసింది. మన ఊళ్లలో జిమ్ లేదు, నెలకోసారి బస్సెక్కి రావడమే కష్టం. ఇంటి గోడా, నీళ్ల సీసాలతో అవుతుందా అన్నదే నా ప్రశ్న.

మిర్చి యార్డు: అయినా పొలం పని పొలం పనే.

కోదాడ శ్రీను: అసలు సంగతి చెప్పమంటారా? అమ్మనూ ఇలాగే ఒక పరిశోధనకు పిలిచారు. మణికట్టు నుంచి చంక దాకా టేపు పెట్టి కొలిచారు. చీటీలో రెండో గుంపు వచ్చింది. కరపత్రం చేతిలో పెట్టారు, అమ్మకు చదువు రాదు. మాతో బస్సులో వచ్చే ఆవిడకు నేర్పారు, ఆవిడ చెయ్యి లేచింది. ఆరు నెలలకు అమ్మను పిలిచి మళ్లీ కొలిచి, చార్జీలిచ్చి పంపేశారు. అమ్మ చెయ్యి లేవకపోతేనే వాళ్ల లెక్క కుదిరేది!

రిటైర్డ్ మాస్టారు: రెండో గుంపు లేకపోతే దానంతటదే తగ్గిందో, వ్యాయామంతో తగ్గిందో ఎలా తెలుస్తుంది?

కోదాడ శ్రీను: తెలిసిందిగా. తెలిశాక ఒక్కరైనా ఫోన్ చేశారా? నేను అడిగేది వ్యాయామం గురించి కాదు మాస్టారూ.

గుంటూరు ఫిజియో: చివరి కొలత అయ్యాక రెండో గుంపుకూ నేర్పొచ్చు. నా ప్లాన్‌లో అది రాయలేదు, ఒప్పుకుంటున్నాను. చేర్చాలంటే పరిశోధనలో పేషెంట్లకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాలి.

కోదాడ శ్రీను: పంపుతారా?

గుంటూరు ఫిజియో: సోమవారం గైడ్ గారిని అడుగుతాను.

లక్ష్మి: మీ గొడవ తర్వాత. ఆ గోడ వ్యాయామం ఏంటో చెప్పండి, పిన్ని పక్కనే ఉంది.

గుంటూరు ఫిజియో: గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకాలండీ. లాగినట్టనిపిస్తే చాలు, నొప్పయ్యేదాకా వద్దు. అందిన చోట సుద్దముక్కతో గీత గీయండి. కుట్లు మానాయో లేదో డాక్టర్‌కు చూపించాకే.

కోదాడ శ్రీను: ఆరేళ్ల తర్వాత మొదలుపెట్టినా లేస్తుందా?

గుంటూరు ఫిజియో: పూర్తిగా అని మాటివ్వలేను. ముందు దగ్గర్లో ఫిజియోకు చూపించండి. వాపుందా?

కోదాడ శ్రీను: ఉంది. ఆ చేతికి గాజులు పట్టట్లేదు.