రెండో అప్పీలు కొట్టేశారు. రివ్యూనా, సుప్రీంకోర్టా?

బోదెగట్టు: మాది రాజోలు వైపు. పక్క చేలోంచి మా చేలోకి వచ్చే పంట బోదె (చిన్న కాలవ) మీద దావా. కింది కోర్టులో గెలిచాం, అప్పీల్లో తిరగబడింది. మా రెండో అప్పీలుని హైకోర్టు విచారణకి తీసుకోకుండా అడ్మిషన్ దశలోనే కొట్టేసింది, అవతలివాళ్ళకి నోటీసు కూడా వెళ్ళలేదు. మా నాన్న ఏటా సంక్రాంతికి వాళ్ళింటికి కొబ్బరి గెల పంపేవారు. దాన్ని పట్టుకుని, అడిగి పారించుకున్నారు కాబట్టి హక్కు లేదని అప్పీలు కోర్టు రాసింది. కోర్టు వేసిన కమిషనర్ గారు టేపు పెట్టి కొలిచి, పాత తూము ఫొటోతో సహా ఇచ్చిన రిపోర్టు ఊసే లేదు. ఇప్పుడు అదే హైకోర్టుని మళ్ళీ చూడమని రివ్యూ వేయాలా, సుప్రీంకోర్టుకి వెళ్ళాలా?

ఉండి_రైతు: సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 అంటేనే అంత. 1976 సవరణ దగ్గర్నుంచి గట్టి లా పాయింటు ఉంటేనే రెండో అప్పీలు. బోదె ఉందా లేదా అన్నది ఫ్యాక్ట్. మా హద్దు రాయి కేసూ అలాగే పోయింది. అమరావతి దాకా వెళితే, మా నంబరు పిలిచి కాగితం తిప్పేలోపే అయిపోయింది.

లంకమనిషి: గెల పంపితే హక్కు పోతుందా? మేం పనసకాయలు, అరిసెలు కూడా పంపుకుంటాం. 20 ఏళ్ళు నీళ్ళు పారితే ఈజ్‌మెంట్, అంటే పక్కవాళ్ళ చేలోంచి పారించుకునే హక్కు, వచ్చేసినట్టే.

వనామీబాబు: రాదు. బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా పారించుకోవాలి. ఏటా గెల ఇచ్చారంటే అది శిస్తు కట్టినట్టే.

లంకమనిషి: ఆయ్, రొయ్యల చెరువులున్నవాళ్ళు అలాగే అంటారు. మీ ఉప్పునీళ్ళకే మా చేలు చవుడు తేలాయి.

వనామీబాబు: నా చెరువుకి పర్మిషన్ ఉందండి. చవుడుకి కారణం పూడిపోయిన మురుగు కాలవ. అది తవ్వించమని వెళ్ళి అడగండి, నా మీద పడతారేంటి?

ఉండి_రైతు: కేసు వదిలేసి మీరిద్దరూ చెరువులో దిగారు.

ప్లీడరుగుమస్తా: ఈ ఫైళ్ళు మోసే జుట్టు నెరిసింది, కాస్త వినండి. గెల సంగతి ఫ్యాక్టే, హైకోర్టు ముట్టుకోదు. కానీ ముఖ్యమైన సాక్ష్యాన్ని అప్పీలు కోర్టు అసలు చూడకపోతే అది లా పాయింటే. ఆ ప్రశ్న అప్పీలు మెమోలో రాశారా? రివ్యూకి 30 రోజులు, పైగా తప్పు రికార్డులో కొట్టొచ్చినట్టు కనపడాలి. రివ్యూ కొట్టేస్తే ఆ ఆర్డరు మీద అప్పీలు ఉండదు. ఈలోగా సుప్రీంకోర్టులో ఎస్‌ఎల్‌పీకి (అప్పీలుకి ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్‌కి) ఉన్న 90 రోజులూ కరిగిపోతాయి.

లంకమనిషి: ఢిల్లీ ఖర్చుకి ఆ చేనే అమ్ముకోవాలి.

బోదెగట్టు: మెమో తీసి చూశాను గుమస్తా గారూ. ప్రశ్నలన్నీ గెల గురించే. కమిషనర్ రిపోర్టు మాటే లేదు.

ప్లీడరుగుమస్తా: మరి జడ్జిగారిని అని ఏం లాభం? అడగని ప్రశ్న మీద రివ్యూ నిలవడం కష్టం. ఆర్డరు కాపీ, కమిషనర్ రిపోర్టు రెండూ పట్టుకెళ్ళి సుప్రీంకోర్టులో చేసే ప్లీడరుకి చూపించండి. గడువు దాటనివ్వకండి.

వనామీబాబు: ఈలోగా సార్వాకి నీళ్ళెలా?

బోదెగట్టు: ఇంజను పెట్టి మురుగు కాలవలోంచి తోడుతున్నాం.

లంకమనిషి: ఆ కాలవలోకి ఎవరి చెరువు నీళ్ళు వదులుతున్నారో బాబుగారిని అడగండి.