తప్పెటగుళ్ల వీడియో: ఉబుంటులో బొమ్మా రాదు, చప్పుడూ రాదు

మా మావయ్య తప్పెటగుళ్లు ఆడతాడు. అరవై దాటినా గుండె మీద తప్పెట కట్టుకుని కుర్రాళ్లతో సమంగా గెంతుతాడు. మొన్న ఆనందపురం దగ్గర ఊరి పండగలో వాళ్ల ఆట ఫోన్లో 40 నిమిషాలు తీశాను. ఆయనకి ఓపిక ఉండగానే మంచిగా ఎడిట్ చేసి దాచుకోవాలని నా ఆశ.

లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (విండోస్ బదులు వాడే లైనక్స్ సిస్టమ్), ర్యామ్ 8 జీబీ. వీడియో ఎడిట్ చేసే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వేశాను. ఫోన్ ఫైలు అందులోకి లాగితే బొమ్మ లేదు, చప్పుడు లేదు. ఎవరో చెబితే ఉబుంటు రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ (వీడియోలు ఆడటానికి కావలసినవీ, ఫాంట్లూ కలిపిన మూట) కూడా వేశాను. మధ్యలో ఫాంట్ల లైసెన్సు తెర వచ్చి ఎంటర్ నొక్కినా కదల్లేదు. ట్యాబ్ నొక్కి ఓకే మీదకి వెళ్లాలని తెలిసేసరికి గంట పోయింది. ఇప్పుడు మామూలు ప్లేయర్లో వీడియో చక్కగా ఆడుతోంది. రిజాల్వ్‌లో మాత్రం అదే వరస. ఏం చెయ్యాలి?

మద్దిలపాలెం నుంచి:
తమ్ముడూ, నువ్వు వేసినవి సిస్టమ్ కోడెక్‌లు, అంటే వీడియో, ఆడియో ఫైళ్లని విప్పి చదివేవి. రిజాల్వ్ వాటి వంక చూడదు, తన సొంతవే వాడుకుంటుంది. లైనక్స్ ఉచిత వెర్షన్‌లో హెచ్.264 వీడియో కోడెక్ లేదు, ఏఏసీ ఆడియో కూడా లేదు. నీ ఫోన్ తీసేది ఆ రెండే. రిజాల్వే వాడాలంటే ముందు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఫైళ్లు మార్చే టూల్‌తో వీడియోని డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోకి, ఆడియోని పీసీఎంలోకి (రెండూ రిజాల్వ్ చదవగలిగే రకాలే) మార్చి మోవ్ ఫైలు చేసుకో. ఫుల్ హెచ్‌డీ అయితే నిమిషానికి దాదాపు 1 జీబీ అవుతుంది, డిస్క్‌లో చోటు చూసుకో.

గాజువాక నుంచి:
8 జీబీకి రిజాల్వ్ బరువు. కేడెన్‌లైవ్ అనే ఎడిటర్ వేసుకోండి. అది ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీదే నడుస్తుంది కాబట్టి ఫోన్ ఫైలు నేరుగా తీసుకుంటుంది. ప్రాక్సీ క్లిప్‌లు (ఎడిటింగ్ అప్పుడు వాడే తేలికపాటి నకళ్లు) ఆన్ చేస్తే లాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలన్నది) మారుస్తూ తీస్తాయి. ట్రాన్స్‌కోడ్ చెయ్యమంటారా (ఒకే రేటుకి మార్చమంటారా) అని కేడెన్‌లైవ్ అడిగితే సరే అనండి. లేకపోతే పోనుపోను దెబ్బ ఒకచోట, అడుగు ఒకచోట పడతాయి. మీ వీడియోకి ప్రాణం ఆ తాళమే కదా.

అడిగినవాణ్ణే:
కేడెన్‌లైవ్ వేశాను. ఫ్రేమ్ రేటు గురించి నిజంగానే అడిగింది, సరే అన్నాను. చివరిదాకా గజ్జెలూ తప్పెటా అడుగుతో కలిసే ఉన్నాయి. ఇద్దరికీ దండం అన్నా. రాత్రి మావయ్యకి చూపించాను. రెండో పాటలో వెనక వరస కుర్రాడి అడుగు తప్పిందని అక్కడికక్కడే పట్టేశాడు.