యంత్రం గార్డు తీసేసినవాడిదా తప్పు, తీయక తప్పని గార్డు చేసినవాడిదా?

టూల్‌రూమ్ మనిషి, బాలానగర్:
నిన్న డై (రేకును కొట్టే అచ్చు) మరమ్మతుకని, రేకు ముక్కలు కొట్టే ఒక చిన్న ప్రెస్ షాపుకు వెళ్లాను. 20 టన్నుల సి-టైప్ ప్రెస్సు వెనుక గోడకు మేకు, ఆ మేకుకు గార్డు, అదే డైలోకి చెయ్యి పోకుండా అడ్డుపెట్టే జాలీ. పసుపు రంగు కొత్తగానే ఉంది, జాలీకి సాలెగూడు పట్టింది. ప్రెస్సు మాత్రం నడుస్తూనే ఉంది. ఆపరేటరు ఎడమ చూపుడు వేలు సగమే ఉంది.

ఎందుకు తీశావు తమ్ముడూ అని అడిగాను. మాట్లాడకుండా గార్డు తెచ్చి డై ముందు ఆనించి చూపించాడు. జాలీ అడ్డం వచ్చి బ్లాంకు (కొట్టాల్సిన రేకు ముక్క) ఆనే పిన్ను కనబడదు. ముక్క ఇరుక్కుంటే నాలుగు బోల్టులు విప్పాలి, ఆ స్పానరేమో డైలు బిగించే సెట్టర్ దగ్గర ఉంటుంది. గంటకు రెండు మూడుసార్లు ఇరుక్కుంటుంది. ఆ గార్డు గీసినవాడు ఆ స్టూలు మీద ఒక్క గంటైనా కూర్చోలేదు. నా దృష్టిలో మొదటి తప్పు అతనిది. మీరేమంటారు?

షెడ్డు యజమాని, విజయవాడ ఆటోనగర్:
మాస్టారూ, మీ ఆవేదన న్యాయమే గానీ ఈ మాట ఒప్పుకోను. నాకు ఆరు ప్రెస్సులున్నాయి. అన్నిటికీ పాలీకార్బోనేట్ కిటికీతో గార్డులు చేయించాను. వారం తిరగకుండా మూడు ఊడదీశారు. రెండు చేతులతో నొక్కే బటన్లు పెట్టించాను, ఒక బటన్‌లో చెక్క ముక్క దోపి ఒంటి చేత్తో నడిపారు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ యంత్రానికి కంచె వేయమని యజమానికి చెబితే, 111వ సెక్షన్ ఆ కంచె జోలికి పోవద్దని పనివాడికి చెప్పింది. రోజంతా పక్కన నిలబడి కాపలా కాయలేను కదా.

టూల్‌రూమ్ మనిషి, బాలానగర్:
అయ్యా, చెక్క ముక్కతో నడిచిందంటే ఆ సర్క్యూటే సరిగా లేదు. రెండు బటన్లూ అర సెకను తేడాలోపు నొక్కితేనే స్ట్రోకు (ఒక దెబ్బ) రావాలి, రెండూ వదిలాకే తర్వాతి స్ట్రోకుకు సిద్ధం కావాలి.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. మీవి కీ క్లచ్ ప్రెస్సులేనా? అంటే తిరిగే చక్రానికి ఒక కీ పట్టుకుని ప్రెస్సును నడిపేవి. అయితే కీ ఒకసారి పట్టుకున్నాక ర్యామ్ (పైనుంచి దిగి కొట్టే భాగం) మధ్యలో ఆగదు. నిమిషానికి 60 స్ట్రోకులు, కీ పట్టే చోటు ఒక్కటే అనుకోండి. అది పట్టడానికి ఎక్కువలో ఎక్కువ ఒక చుట్టు, కిందికి దిగడానికి అర చుట్టు, మొత్తం సెకనున్నర. బటన్ వదిలిన చెయ్యి ఆలోపు డైకి చేరకూడదు. చెయ్యి సెకనుకు 1.6 మీటర్లు కదులుతుందని లెక్క. అంటే బటన్లు డైకి 2.4 మీటర్ల దూరాన ఉండాలి! అంత దూరం నుంచి బ్లాంకు ఎవరు పెట్టగలరు? ఆ ప్రెస్సుకు లైట్ కర్టెన్ (చెయ్యి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే కిరణాల తెర) కూడా దండగే, కిరణం తెగినా ర్యామ్ దిగక మానదు.

అందుకే గార్డు ప్రెస్సుకు కాదు, డైకి ఉండాలి. ఏ డైకి దాని గార్డు. 1.2 మిల్లీమీటర్ల రేకు దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. అప్పుడు పంచ్ (రేకులోకి దిగే డై పైభాగం) 20 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే వేలు అందదు. అదే సందు 20 చేస్తే 120 కావాలి. 20 దాటి 30 వరకు తెరిస్తే చెయ్యంతా దూరుతుంది, 850 కావాలి. బ్లాంకు వాలు పలకమీద జారి పిన్నుకు ఆనాలి, ముక్కను స్ప్రింగో గాలో బయటికి తోయాలి. ఆ డైలోకి చెయ్యి పెట్టే పనే ఉండదు, పని కూడా వేగంగా సాగుతుంది.

స్టుట్‌గార్ట్‌లో ఉంటున్న ఇంజినీరు:
ఇది మన దగ్గరి జబ్బే అనుకోకండి. జర్మనీలో 2006లో వెలువడిన ఒక సర్వే ప్రకారం లోహపు పని యంత్రాల రక్షణ పరికరాల్లో దాదాపు 37 శాతాన్ని ఏదో ఒక విధంగా ఏమార్చి నడుపుతున్నారు. గార్డు ఉన్నప్పుడు, లేనప్పుడు సెట్టింగు, శుభ్రం చేయడం, ఇరుక్కున్నది తీయడం ఎంత కష్టమో ఇక్కడ డిజైన్ దశలోనే పట్టిక వేసి చూస్తాం. గార్డు లేకపోతేనే సుఖంగా ఉందని తేలితే డ్రాయింగు మళ్లీ మొదలు. అయినా టూల్‌రూమ్ అన్నగారితో ఒక చోట విభేదిస్తాను. ముక్కకింత అని ఇచ్చే పీస్ రేటు మీద బతికే మనిషికి ఎంత మంచి గార్డయినా సెకన్లు తినే వస్తువే. కూలి లెక్క మారకుండా డ్రాయింగు ఒక్కటే కాపాడదు.

షెడ్డు యజమాని, విజయవాడ ఆటోనగర్:
కీ క్లచ్చే. ఆ 2.4 మీటర్ల లెక్క నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, బటన్లు అమ్మినవాళ్లతో సహా. కానీ డైలు నావి కావు. జాబ్ వర్కు ఇచ్చే కంపెనీ పంపుతుంది, ముక్కకు పైసల్లో రేటు కడుతుంది. డై డైకీ గార్డంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

టూల్‌రూమ్ మనిషి, బాలానగర్:
డై పంపినవాళ్లే పెట్టుకోవాలి. పంచ్ నుంచి రేకును విడదీసే స్ట్రిప్పర్ ప్లేటుకు డబ్బిస్తున్నారు, గార్డూ డైలో భాగమే. అడగండి, నేనూ మీతో వచ్చి అడుగుతాను. పీస్ రేటు గురించి స్టుట్‌గార్ట్ మిత్రుడి మాట నిజమే, కాదనను. ముందు ఈ ఆదివారం మీ షెడ్డుకు వస్తాను. ఎక్కువగా ఇరుక్కునే డై ఒకటి బయట పెట్టి ఉంచండి. ఆ ప్రెస్సు మీద కూర్చునే మనిషిని కూడా ఉండమనండి, ఆ రోజు కూలి ఇచ్చి.