38 వేల మారుతి 800, ఆరు గంటల రేసు: నలభై నిమిషాలకే ముల్లు ఎర్రగీత మీదకి

పాలకొల్లు_ఎనిమిదొందల:

అందరికీ నమస్కారమండి. ఇక్కడ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో ఐదు జట్లు కలిసి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాకు ఒక రోజుకి మాట్లాడుకున్నాం. ఒక రౌండు 3.7 కిలోమీటర్లు. బండి యాభై వేలు దాటకూడదు, ఆరు గంటలు తిరగాలి, ఎక్కువ రౌండ్లు వేసినోళ్లకి మిగతా నాలుగు జట్లూ బిర్యానీ పెట్టించాలి. రోల్ కేజ్ (బండి బోల్తాపడితే లోపలున్నోళ్లని కాపాడే ఇనుప చట్రం), బెల్టులు, హెల్మెట్లు ఆ యాభై వేల లెక్కలోకి రావు. నిజం చెప్పాలంటే వాటి ఖర్చే బండిని మించిపోయింది.

మాది 1997 మారుతి 800, ఏపీ 37 నంబరు, కార్బురేటర్ బండి. మొగల్తూరులో ఒక కొబ్బరికాయల వ్యాపారి దగ్గర ముప్పై ఎనిమిది వేలకి కొన్నాం. డిక్కీ తీస్తే ఇప్పటికీ పీచు వాసనే. ఈ మోడల్ 2014 దాకా తయారైంది కాబట్టి సామాన్లకి ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా వేడితోనేనండి. తెల్లవారుజామున పాలకొల్లులో బయల్దేరి మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం వంతెన దాకా వెళ్లి వస్తున్నాం. అరవైలోనే తోలుతున్నాం. సరిగ్గా నలభై నిమిషాలకి ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీతకి పోతుంది. పక్కన ఆపి బానెట్ ఎత్తితే పావుగంటలో దిగుతుంది. నీళ్లు మాత్రం తగ్గట్లేదు. రేడియేటర్ కొత్తది వేశాం, ఫ్యాను తిరుగుతోంది, మెకానిక్ చెప్తే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి వదలని మూత) కూడా తీయించేశాం. అయినా అదే కథ. ఇంకో మెకానిక్ ఇంజన్ మొత్తం దింపాలి, పాతిక వేలవుతుందంటున్నాడు. మా నాన్నగారు బండిని చూసినప్పుడల్లా ఏమీ అనకుండా లోపలికెళ్లిపోతున్నారు, అది ఇంకా భయంగా ఉంది.

ఇంజన్ దింపాలా? ఇంకేమైనా దారి ఉందా?

రాజోలు_రయ్యిరయ్యి:

ముందు ఆర్సీ రెన్యూవల్, ఇన్సూరెన్సు ఉన్నాయో లేదో చూసుకోండి బాసూ. లేకపోతే చెన్నై దాకా లారీ మీదే. ఉన్నా లారీ మీదే మంచిదేమో, నలభై నిమిషాలకోసారి ఆగితే మీరు చేరేసరికి బిర్యానీ తినేసి చేతులు కడిగేసుకుంటారు.

గట్టుమీద_బాబాయ్:

తమ్ముడూ, నాకు రేసుల సంగతి తెలీదు. ఇంజన్ ఆగకూడదంటే ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. భీమవరం పక్కన కాళ్ల మండలంలో పద్దెనిమిదేళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నాను. వనామీ చెరువులో తెల్లారకముందు ఆక్సిజన్ బాగా పడిపోద్ది. అప్పుడు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగాయంటే రొయ్యలు పైకి తేలిపోతాయి. కరెంటు కూడా, అదేం పగోగానీ, సరిగ్గా ఆ టైముకే పోద్ది. ఇక జనరేటరే దిక్కు. అది ఎన్ని హార్స్‌పవరని ఎవడూ అడగడు, తెల్లారేదాకా ఆడిందా లేదా అనేదే. మీ రేసూ అలాంటిదే కదా.

ఇంజన్ దింపమాక. ముందు థర్మోస్టాట్ తెచ్చి మళ్లీ పెట్టించు. అది పీకేస్తే వేడి తగ్గుద్దనేది మన ఊళ్ల నాటు వైద్యం, జబ్బు దాక్కుంటుందే తప్ప పోదు. కానీ పెట్టించే ముందు ఒక పని చెయ్. ఇంజన్ బాగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్, అదే ఇంజన్ తలకాయ కింద ఉండే సీలు, పోయినట్టు. బుడగల్లేకపోతే కొంచెం రేజ్ చేసి నీళ్లు కదులుతున్నాయేమో చూడు. థర్మోస్టాట్ లేదు కాబట్టి చల్లని ఇంజన్‌లో కూడా నీళ్లు తిరగాలి. తిరక్కపోతే వాటర్ పంపు విప్పు. వేడి మీద మూత ముట్టుకోమాక. మా చెరువు కాపలా కుర్రాడు జనరేటర్ దగ్గర ఆ పని చేసి నెల్లాళ్లు ఎడం చేత్తో తిన్నాడు.

పంపు మీదే ఎందుకు అనుమానమంటే, బండి మొగల్తూరుదన్నావు. ఆ పక్క చాలాచోట్ల బోరు నీళ్లు పుక్కిలిస్తే చాలు, కూరలో ఉప్పు వెయ్యక్కర్లేదు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే మీ కొబ్బరికాయలాయన రేడియేటర్లో ఏం పోసుంటాడు? ఆ బోరు నీళ్లే. ఇన్నేళ్లూ. ఆ నీళ్లు ఇనుమునీ తింటాయి, అల్యూమినియాన్నీ తింటాయి. బండి తప్పు కాదిది, నీళ్ల తప్పు. నువ్వు రేడియేటర్ మార్చావు, అది నీళ్లుండే చోటు. నీళ్లని తిప్పేది పంపు.

ఇంకోటి. మా జనరేటర్ షెడ్డులో ఒక పలక వేలాడుతుంటది. గంటకోసారి ఆయిలు, నీళ్లు, బెల్టు చూసి రాయాలి. రాయనోడికి పొద్దున్న టీ లేదు. మీరూ డ్రైవరు మారినప్పుడల్లా అలా రాసుకోండి. ఆరు గంటల్లో పోయేది పెద్ద భాగం కాదు తమ్ముడూ, వదులైన క్లిప్పే.

నరసాపురం_టు_డాలస్:

బాబాయ్ గారికి దండాలు. నేనిక్కడ అమెరికాలో ఒక జట్టుతో నాలుగుసార్లు లెమన్స్ రేసులో తిరిగాను కాబట్టి రెండు ముక్కలు.

ఫ్రాన్సులో 1923 నుంచి జరుగుతున్న లె మాన్స్ 24 గంటల రేసుకి ఇది వెక్కిరింత. లెమన్ అంటే ఇక్కడ పనికిమాలిన బండి అని, మనం కొత్త బండి టైరు కింద పెట్టే నిమ్మకాయ కాదు. జే లామ్ అనే ఆయన 2006లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో మొదలుపెట్టాడు. బండి ఖరీదు 500 డాలర్లు దాటకూడదు, భద్రత సామాను లెక్కలోకి రాదు. మీ నియమం అక్కడిదే అనుకుంటా. ఎక్కువ పెట్టారని జడ్జీలకి అనుమానమొస్తే రౌండ్లు కోసేస్తారు. పేరుకే 24 గంటలు, చాలాచోట్ల రెండు రోజులు పగటిపూటే తిరుగుతాం. అన్నిటికంటే పెద్ద బహుమతి మొదట వచ్చినోడికి కాదు, అందరికంటే దరిద్రపు బండిని అందరూ నోరెళ్లబెట్టేలా నడిపినోళ్లకి. మీ 800 ఇక్కడికొస్తే దానికే ఇచ్చేస్తారు.

వేడి సంగతి బాబాయ్ చూసుకున్నారు. నేను చెప్పేది బ్రేకులు. నా రెండో రేసులో మలుపు ముందు పెడల్ తొక్కితే నేలకి తగిలింది, మెత్తగా, పిండి ముద్దలో కాలు దిగినట్టు. ఇసుకలోకి పోయి ఆగాను కాబట్టి ఇది రాస్తున్నాను. బ్రేకుల వేడికి ఆయిల్ మరిగితే పెడల్ అలాగే మెత్తబడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది, మన గోదావరి గాలి సంగతి మీకు చెప్పాలా. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 140కి పడిపోతుంది. డాట్ 4కి అవి 230, 155. సీలు తియ్యని డబ్బా కొని, పాతదంతా దించేసి, డాట్ 4 పోయండి. ఖర్చు వందల్లోనే.

పెట్రోలు పోసేటప్పుడు డ్రైవరు దిగాలి, ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడాలి. మొహమాటపడి దీన్ని మాత్రం వదిలెయ్యొద్దు.

పాలకొల్లు_ఎనిమిదొందల:

బాబాయ్ గారూ, మీ కాళ్లకి దండమండి. బుడగల్లేవు. రేజ్ చేస్తే రేడియేటర్లో నీళ్లు గుడి కోనేరులా నిశ్చలంగా ఉన్నాయి. నిన్న సాయంత్రం అరుగు మీద పంపు విప్పాం. రెక్కలుండాల్సిన చోట ఎర్రగా పొలుసులు. గోరుతో గీస్తే ఎండిన బొమ్మిడాయి తల చితికినట్టు చితికిపోయింది. లోపలి నుంచి వచ్చిన నీళ్లు చిక్కటి చింతపండు పులుసే. మా నాన్నగారు లోపలికెళ్లకుండా చాలాసేపు నిలబడి చూశారు. చివరికి “ఆ కొబ్బరికాయలోడికి ఫోన్ చెయ్యకు, పాపం” అన్నారు.

కొత్త పంపు, థర్మోస్టాట్, బెల్టు, కూలెంట్ అన్నీ కలిపి మూడు వేల లోపే అయ్యాయి. ఇవాళ తెల్లవారుజామున మూడుంపావుకి బయల్దేరాం. డాష్‌బోర్డు మీద మా చెల్లి పాత పలక. రెండున్నర గంటలు తిరిగినా ముల్లు మధ్యలోంచి కదల్లేదు, పలక మీద ఒకే మాట రెండుసార్లు రాసి ఉంది: “బాగుంది”.

మూడోసారి రాసేలోపు మార్టేరు సెంటర్లో సైలెన్సర్ ఊడిపడింది. టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. బ్రేక్ ఆయిల్ రేపు మారుస్తాం. సైలెన్సర్‌ని ఇనుప తీగతో కట్టి ఇంటికొచ్చాం, అది ఆరు గంటలు ఆగుతుందంటారా?