హ్మాంగ్ అమ్మాయితో అన్న పెళ్ళి, చేతికి దారాలు కడతారంట, తెలిసినవాళ్ళు చెప్పండి

ప్రొద్దుటూరు చెల్లెలు:

అందరికీ నమస్తే. మా అన్న అమెరికాలో సెయింట్ పాల్‌లో ఉంటాడు, మిన్నెసోటా. అక్కడ ఒక హ్మాంగ్ అమ్మాయిని (లావోస్ కొండల నుంచి వచ్చినవాళ్ళంట) ఇష్టపడ్డాడు, గొణుక్కుంటూనే రెండిళ్ళలోనూ ఒప్పుకున్నారు. ఈమధ్య అమ్మాయి వాళ్ళ నాన్నకు ఒంట్లో బాగాలేదని వాళ్ళింట్లో ఏదో చేయిస్తుంటే అన్న వీడియో కాల్‌లో చూపించాడు. హాల్లో సోఫాలు గోడకు జరిపేసి మధ్యలో సన్నటి బల్ల వేశారు. దాని మీద ఒక పెద్దాయన, ముఖం మీద నల్లగుడ్డ, వేళ్ళకు గజ్జెలు, గుర్రం మీద పోతున్నట్టు ఎగిరెగిరి పడుతూ ఆపకుండా ఏదో పాడుతున్నాడు, వెనక ఒకతను జేగంట వాయిస్తున్నాడు. ఒక పక్క పంది. మా అమ్మ ఫోన్ బోర్లా పెట్టేసి లేచిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే రగడ. చేతబడి చేసే ఇంటికి పిల్లోడిని ఇస్తామా అంటుంది. మా అవ్వకు గంగమ్మ ఒంటిమీదికి వచ్చేది, జాతరప్పుడు వేపమండలు పట్టుకుని పలికితే చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా వచ్చి అడిగి పోయేవాళ్ళు, మరి అదేంటి అంటే "అది అమ్మవారు, ఇది వేరే" అని నా నోరు మూయిస్తుంది.

ఇప్పుడు అమ్మానాన్న పెళ్ళి మాటలకు అక్కడికి పోతున్నారు. మావాళ్ళ చేతులకు కూడా దారాలు కడతారంట. కట్టించుకోవచ్చా? ఇంకోటి, అమ్మాయి వాళ్ళమ్మ అన్నను సూటిగా అడిగిందంట, పెళ్ళయ్యాక మా బిడ్డ మీ ఇంటి దేవుళ్ళ కిందికి వస్తుందా, రేపు అది పోయాక దారి ఎవరు చెప్తారు అని. వీడు నవ్వేశాడు, ఆమెకు కోపమొచ్చింది. పెళ్ళి మాటల్లో చావు ఎందుకొచ్చిందో మాకెవరికీ అర్థం కాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

కొండారెడ్డి బురుజు:

అమ్మా, నేను కర్నూలోడినే, ఉద్యోగం మీద సెయింట్ పాల్‌లో చాలాకాలం ఉన్నా, పక్కింటివాళ్ళు హ్మాంగ్. చేతబడి కాదని ముందు అమ్మకు చెప్పు. ఆ పెద్దాయన్ని వాళ్ళు త్సీ నెంగ్ అంటారు. వాళ్ళ లెక్కలో మనిషికి ఒక్క ఆత్మ కాదు, కొన్ని ఉంటాయి. జడుసుకున్నా, కింద పడినా, బాగా దుఃఖపడినా వాటిలో ఒకటి తప్పిపోతుంది, తిరిగి రాకపోతే జబ్బు. ఆ బల్లే ఆయనకు గుర్రం. నల్లగుడ్డ కప్పుకుంటే ఈ లోకం మూసుకుపోయి ఆ లోకం తెరుచుకుంటుంది, తన దేవతలను వెంటబెట్టుకుని పోయి తప్పిపోయినదాన్ని వెతికి, దాన్ని పట్టుకున్నవాళ్ళతో బేరమాడి తీసుకొస్తాడు. పంది ఆ బేరం కోసమే. తర్వాత దాన్నే వండి వచ్చినవాళ్ళందరికీ పెడతారు. ఎవరు పడితే వాళ్ళు త్సీ నెంగ్ కాలేరు, మొండి జబ్బేదో పట్టుకుని, దేవతలు నిన్ను ఎంచుకున్నారని ఇంకో త్సీ నెంగ్ తేల్చి చెప్తే అప్పుడు గురువు దగ్గర నేర్చుకోవాలి. ఆడవాళ్ళూ ఉంటారు.

మీ అమ్మ "ఇది వేరే" అనడం నిజమే. మన దగ్గర అమ్మవారు మనిషి మీదికి వస్తుంది, అక్కడ మనిషే బయల్దేరి పోతాడు. వేరే అయినంత మాత్రాన చెడ్డది అయిపోదు కదా.

దారాలు కట్టించుకోండి. ఆత్మ ఒంటిని వదిలి పోకుండా కట్టే తెల్లదారాలు అవి, పెద్దవాళ్ళు వరసగా వచ్చి మణికట్టుకు ఒక్కొక్కటీ ముడేస్తూ ఏదో ఒకటి దీవించి పోతారు. హోటల్‌కు పోగానే కత్తెర తీయకండి, అంతే.

అసలు సంగతి ఆమె అడిగిన ప్రశ్న. హ్మాంగ్ వాళ్ళలో వంశాలు ఉంటాయి, ఒకే వంశంలో పెళ్ళి కుదరదు. పెళ్ళయితే ఆడపిల్ల పుట్టింటి దేవతల కాపలా వదిలి మెట్టినింటి దేవతల కిందికి పోతుంది, గడప దగ్గర కోడిపుంజును తల చుట్టూ తిప్పి లోపలికి తీసుకుంటారు. ఇక మనిషి పోయినప్పుడు వెదురు గొట్టాల వాద్యం వాయిస్తారు, దారి పాట పాడతారు. అందులో ఆత్మ తాను బతికిన ఊర్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి దాటుకుంటూ పుట్టిన చోటికి పోయి, అక్కడ కాన్పప్పుడు పాతిపెట్టిన మాయను చొక్కాలా తొడుక్కుని పెద్దల దగ్గరికి చేరాలి. వాళ్ళ పెద్దల ఊర్ల వరస తెలుసా? లావోస్ యుద్ధంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఈ హ్మాంగ్ వాళ్ళతో రహస్యంగా పోరాటం చేయించింది, 1975లో అమెరికావాళ్ళు వదిలేసి పోయాక వీళ్ళు కొండలు దిగి, మెకాంగ్ నది దాటి, థాయిలాండ్ శిబిరాల్లో ఏళ్ళు గడిపి మిన్నెసోటా చలిలోకి వచ్చి పడ్డారు. చచ్చాక కూడా ఆ దారంతా తిరిగి నడవాలి, చెప్పేవాళ్ళు లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది. బయటివాడిని చేసుకున్న బిడ్డ పుట్టింటి లెక్కలోనూ లేక, మీ లెక్కలోనూ లేక పోతుందేమోనని ఆ తల్లి భయం. దానికి మీ అన్న నవ్వితే కోపం రాకుండా ఉంటుందా?

అనంతపురం సిస్టర్:

అన్న చెప్పింది బాగుంది కానీ నేను ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, నాకు కనపడేది వేరు. ఫిట్స్ వచ్చే పిల్లలను గుడీ దర్గా అన్నీ తిప్పి, చేయి దాటిపోయాక మా దగ్గరికి తెస్తారు. తమిళనాడు ఏర్వాడిలో 2001లో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు, దర్గాకు పోతే నయమవుతుందని ఇంటివాళ్ళే తెచ్చి వదిలినవాళ్ళు వాళ్ళు. అలా కట్టేయడం 2017 చట్టం ప్రకారం నేరం, అయినా మానడం లేదు. దారాలూ పాటలూ సరే, రేపు మీ అన్న బిడ్డకు జ్వరమొస్తే ముందు డాక్టరా, త్సీ నెంగా? ఈ మాట పెళ్ళికి ముందే తేల్చుకోండి చెల్లీ.

కొండారెడ్డి బురుజు:

సిస్టర్ అడిగింది కరెక్టే, తేల్చుకోవాల్సిందే. కాకపోతే నేను చూసినవాళ్ళంతా రెండూ చేస్తారు, మాత్ర వేసుకునే చేతికే దారం ఉంటుంది. కాలిఫోర్నియాలో మెర్సెడ్ అని హ్మాంగ్ వాళ్ళు ఎక్కువుండే ఊరు, అక్కడి ఆసుపత్రి 2009లో త్సీ నెంగ్‌లకు బ్యాడ్జీలిచ్చి, చర్చి ఫాదర్లను రానిచ్చినట్టే వార్డుల్లోకి రానిచ్చింది. మెల్లగా పాడి ఆత్మను పిలవడం లాంటివి మంచం పక్కనే చేసుకోవచ్చు. ముందు ట్రైనింగ్ పెట్టి ఆసుపత్రిలో ఏం జరుగుతుందో, సూక్ష్మక్రిములంటే ఏంటో కూడా చూపించారు. దాంతో జనం ఆపరేషన్లకు భయపడటం తగ్గిందంటారు.

గూగూడు పిల్లోడు:

అందరూ పెద్దది చేస్తున్నారు, దేవుళ్ళంతా ఒకటే అక్కా. మా గూగూడులో మొహర్రంకు కుళ్ళాయప్ప స్వామి పీర్లను చూడ్డానికి వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ, అగ్నిగుండం తొక్కేదీ వాళ్ళే, పిల్లలకు ఆ పేరే పెట్టుకుంటారు. మీ కడపలోనే చూడండి, ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు కదా.

కొండారెడ్డి బురుజు:

తమ్ముడూ, ఒకటే అని వాళ్ళు రావట్లేదు. బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల, వెంకన్న మా అల్లుడు అని వస్తారు. మతం వాళ్ళది వాళ్ళకే ఉంది, మధ్యలో చుట్టరికం ఉంది. ఆ హ్మాంగ్ తల్లికి పోయి "అన్నీ ఒకటే అత్తా" అంటే ఆమె ప్రశ్నకు జవాబు రాదు, ఆమె అడిగేది చుట్టరికం ఎటు అని.

చెల్లీ, ఒక దారి ఉంది. బయటి అల్లుడిని ఏదో ఒక హ్మాంగ్ వంశం తమవాడిగా తీసుకోవడం నేను చూశా, అమ్మాయి వంశం కాకుండా వేరేది. అప్పుడు వాళ్ళ లెక్కలో ఆ పిల్లకు మెట్టినింటి దేవతలు ఉన్నట్టే. మీ అన్నకు ఇష్టముంటేనే. అమ్మాయి బంధువుల్లో క్రైస్తవులు కూడా ఉండొచ్చు, అక్కడ చాలామంది మారారు, అలాంటివాళ్ళు ఇవేవీ ఒప్పుకోరు, ముందే కనుక్కోండి.

ప్రొద్దుటూరు చెల్లెలు:

అమ్మకు అన్నీ చదివి వినిపించా. దారి పాట దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. "ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది, వీడెందుకు నవ్వాడు" అని అన్నకు ఫోన్ చేసి తిట్టింది. దత్తత మాట వాడిష్టం అంట, కానీ కోడలు మా ఇలవేల్పు గంగమ్మ కిందికే వస్తుందని, పోయినప్పుడు దారి పాటకు వాళ్ళవాళ్ళే వచ్చి చెప్పాలని, అడ్డం రామని తానే ఆమెకు చెప్తానంటోంది. డాక్టర్ సంగతి అన్న మాట్లాడతానన్నాడు, సిస్టర్‌కు థ్యాంక్స్. పంది మాత్రం తినదంట. దారాలు కట్టే రోజు శనివారం పడింది, అమ్మకు శనివారం ఒక్కపొద్దు, కోడి కూడా ముట్టదు. ఏం చేయాలి?

కొండారెడ్డి బురుజు:

ఆదివారానికి మార్చమని ఇప్పుడే చెప్పించు, అందరి డ్యూటీలు చూసుకుని పెట్టుకుంటారు కాబట్టి చివర్లో చెప్తే కష్టం. కోడి, గుడ్లు, అన్నం ఎలాగూ ఉంటాయి. ఊరికే కూర్చోకుండా గిన్నెలు అందించమను, ఆ ఇళ్ళల్లో వంటింట్లోకి వచ్చిన వియ్యపురాలికి మర్యాద ఎక్కువ.